ఇద్దరు దొంగలు – ఒకే తాళం

నవలలు రాసేవాళ్ళకి ఒక దురలవాటు వుంటుంది. రాత సగానికి వచ్చాక రెండు పాత్రలు ఒకే పని చేస్తున్నాయని అనుమానం వస్తే, మారు మాట్లాడకుండా ఒకదాన్ని తీసిపారేస్తాం. కథానాయికకి ధైర్యం చెప్పడానికి ఒక మేనత్తా, ఒక స్నేహితురాలూ ఇద్దరెందుకు? మేనత్త చాలు. స్నేహితురాలి మాటలు కూడా మేనత్త నోట్లో పెట్టేస్తే సరి. “నన్నెందుకు కొట్టేశావమ్మా” అని ఆ స్నేహితురాలు వచ్చి మన గుమ్మంలో నిలబడదు కదా!

కాని ఆ పాత్ర వెనకాల, మనకెదురుగా కుర్చీ వేసుకుని ఒక మనిషి కూర్చుని వుంటే? ఆ పాత్రకి పేరు పెట్టి, పుట్టుపూర్వోత్తరాలు రాసుకుని, ప్రాణంలా చూసుకుంటూ వుంటే? అప్పుడేం చేస్తాం?

మొన్న వేసవిలో న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంట్లో రెండు నెలలున్నాను. ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళ భోజనాల బల్ల దగ్గర పిల్లలు చేరి ఆడే ఆట చూస్తూ వుంటే నాకీ ప్రశ్న ఎదురయింది.

ఆ ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. పేరు విని ఇదేదో కంప్యూటరు తెర మీద ఆడేది అనుకునేరు. కాదు. తలో కాయితం, ఒక పెన్సిలు, నాలుగు ముఖాల దగ్గర్నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు, అంతే. ఒకరు సూత్రధారి. వాళ్ళ భాషలో డంజన్ మాస్టర్. “అడవి దాటి పాడుబడ్డ కోట దగ్గరికి వచ్చారు. తలుపు మూసి వుంది. లోపల ఎవరో మూలుగుతున్నారు. ఏం చేస్తారు?” అంటాడతను. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర. తన పాత్ర ఏం చేస్తుందో తనే చెప్పాలి. అది జరుగుతుందో లేదో అనుమానమయితే ఇరవై ముఖాల పాచిక దొర్లించాలి. మన హరికథలో దాసుగారిని మధ్యలో ఆపి, “ఆగండి, ఇప్పుడు సీత అలా అనదు, ఇలా అంటుంది” అని సభలోవాళ్ళు కథ మార్చగలిగితే ఎలా వుంటుందో, అలా వుంటుంది.

ఈ ఆట పుట్టిన కథ కూడా వినండి. బొమ్మ సైనికుల్ని బల్ల మీద పేర్చి యుద్ధాలాడుకునే సరదా అమెరికాలో పూర్వం నుంచీ వుంది. అందులో ఒక్కొక్కరి చేతికింద ఒక్కో సైన్యం వుంటుంది. మినెసోటా రాష్ట్రంలో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన, సైన్యం ఎందుకు, తలా ఒక మనిషిగా వుండండి అని ఆడించడం మొదలుపెట్టాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న వూళ్ళో వుండే గ్యారీ గైగాక్స్, ఆయనా కలిసి నియమాలు తయారుచేసి 1974లో అచ్చులోకి తెచ్చారు. సైన్యం పోయి మనిషి వచ్చేసరికి కొత్త చిక్కు వచ్చింది. ఆ మనిషి ఎవరు? మొదటి పుస్తకాల్లో మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. క్లెరిక్ అంటే దేవుడి మహిమతో గాయాలు మాన్పే అర్చకుడు. పదునున్న కత్తి పట్టకూడదు, గద లాంటివే పట్టాలని అప్పటి నియమం. 1975లో దొంగ వచ్చి చేరాడు. మా పిల్లలు వాడే 2014 నాటి పుస్తకంలో పన్నెండు వృత్తులున్నాయి.

పాతకాలపు ఆటగాళ్ళు కొందరు ఒక మాట అంటూ వుంటారు. దొంగ అనే వృత్తి రాకముందు తాళాలూ, వుచ్చులూ, మోసపు గోతులూ అందరి పనీనట. యోధుడయినా నేల తట్టి చూసేవాడు, మాంత్రికుడయినా తలుపు సందులోంచి తొంగి చూసేవాడు. దొంగ వచ్చాక అందరూ చేతులు ముడుచుకున్నారు, “అది దొంగ చూసుకుంటాడులే” అని.

ఆలోచిస్తే నిజమే అనిపిస్తుంది. పనికి పేరు పెట్టగానే దానికొక యజమాని తయారవుతాడు. యజమాని తయారయ్యాక అదే పని చేతనయిన రెండో మనిషి వస్తే, వాళ్ళిద్దరికీ చుక్కెదురు. మన వంటిళ్ళల్లో చూడని సంగతా ఇది? పులిహోర అందరూ కలిపినన్నాళ్ళూ గొడవ లేదు. “పులిహోరంటే మా పెద్దకోడలే కలపాలి” అని ఏ పండగనాడో అత్తగారు నలుగురిలో అన్నారో, ఇక చిన్నకోడలు ఆ పళ్ళెం దగ్గరికి రావడం మానేస్తుంది. ఆవిడ చేతికీ రుచి వుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండానే పోతుంది.

ఇక మా పిల్లల సంగతి. మా చెల్లెలి కొడుకు సూత్రధారి. వాడికి పదిహేడేళ్ళు. బల్ల చుట్టూ అయిదుగురు. అందులో ఇద్దరు దొంగ పాత్రలే తెచ్చుకున్నారు. ఒకడు పొడుగబ్బాయి. మాట్లాడితే మేడ మీదికి వినిపిస్తుంది. మంచివాడు, అందరికీ చిప్సు పొట్లాలు తెచ్చేది వాడే. రెండోది కళ్ళజోడు పిల్ల. మనవాళ్ళమ్మాయే, తల్లిది తెనాలి. “ఆంటీ, మీరు నవలలు రాస్తారట కదా” అంటూ తన పాత్ర గురించి రాసుకున్న రెండు పేజీలు తెచ్చి నాకు చూపించింది. ఒక పెద్ద ప్రభువు ఇంట్లో పనిపిల్లగా పెరిగి, ఆ ఇంటికొచ్చే వుత్తరాలు దొంగచాటుగా చదివి చదివి, తెలియకూడని రహస్యమేదో తెలిసి, రాత్రికి రాత్రి పారిపోయిన పిల్ల కథ. చెప్పొద్దూ, నాకు కాస్త అసూయ కూడా వేసింది.

మొదటి శుక్రవారం. “తలుపుకి తాళం వేసి వుంది” అన్నాడు మావాడు. “నేను తీస్తా!” అని వినపడేసరికి పొడుగబ్బాయి పాచిక బల్ల మీద దొర్లిపోయింది. కళ్ళజోడు పిల్ల పాచిక చేతిలోనే వుండిపోయింది. తర్వాత ఒక పెట్టె. ఆ తర్వాత ఎవరిదో జేబు. అన్నిటికీ అదే వరస. రెండో శుక్రవారానికి ఆ పిల్ల పాచిక తియ్యడం మానేసి, కాయితం అంచున పువ్వులూ తీగలూ వెయ్యడం మొదలుపెట్టింది.

ఇందులో ఒక విశేషం వుంది. కథలో యుద్ధం వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్ల చక్కగా ఆడేది. ఎందుకంటే యుద్ధానికి ఒక నియమం వుంది. ముందుగా అందరూ పాచిక వేసి, ఎక్కువ పడ్డవాళ్ళు ముందు, తక్కువ పడ్డవాళ్ళు తర్వాత అని వరస రాసుకుంటారు. తన వంతు వచ్చేదాకా పొడుగబ్బాయి అయినా ఆగవలసిందే. యుద్ధం ముగిసి మాటలూ, వెతుకులాటలూ మొదలయ్యేసరికి ఆ వరస వుండదు. వరస లేనిచోట గొంతుదే రాజ్యం. వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో వున్నంతసేపూ నోరులేని ఆవిడకీ నీళ్ళు దొరుకుతాయి. వరస చెదిరిందా, ఆవిడ ఖాళీ బిందెతో ఇంటికి పోతుంది.

మూడో శుక్రవారం ఆట మొదలుపెట్టబోతూ వుంటే ఆ పిల్ల మెల్లిగా అంది: “నేను దొంగని మానేస్తాను. క్లెరిక్‌గా వస్తాను. ఎలాగూ మనలో గాయాలు మాన్పేవాళ్ళు ఎవరూ లేరుగా.”

బల్ల చుట్టూ అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. “భలే” అన్నాడొకడు. ఆ ఆటలో ఇది పాత ముచ్చటేనట. గాయాలు మాన్పేవాళ్ళు అందరికీ కావాలి, ఆ పాత్ర ఆడాలని మాత్రం చాలామందికి వుండదు. మిగతావాళ్ళు కత్తులు దూసి ముందుకు వురుకుతూ వుంటే వెనకాల నిలబడి కట్లు కట్టాలని ఎవరికుంటుంది? ఇష్టపడి క్లెరిక్‌ని ఎంచుకునేవాళ్ళూ వున్నారు, ఆ పాత్ర అందం ఆ పాత్రకుంది. కాని ఇష్టపడి తీసుకోవడం వేరు, మిగిలిపోయింది కదా అని తీసుకోవడం వేరు.

ఆ పిల్ల గొంతు ఇంగ్లీషులో పలికినా నాకు బాగా తెలిసిన గొంతే అనిపించింది. “నాకు కిటికీ పక్క సీటు అక్కర్లేదులే, వాణ్ణి కూర్చోనీ.” “కూర అయిపోయినా ఫరవాలేదు, నాకు పెరుగూ ఆవకాయా చాలు.” పుట్టింట్లో మొదలుపెట్టి అత్తింటి దాకా మోసుకెళ్ళే గొంతది. అలా మాట్లాడే పిల్లని చూసి, ఎంత సర్దుకుపోతుందో అని మెచ్చుకుంటాం. ఆ మెప్పు కూడా ఒక రకం తాళమే.

మావాడు మాత్రం వెంటనే సరే అనలేదు. “నీకు క్లెరిక్ కావాలని వుందా, లేక మాకు వీలుగా వుంటుందనా?” అని అడిగాడు.

చిన్న ప్రశ్న. జవాబుకి చాలాసేపు పట్టింది. “తెలీదు” అంది చివరికి.

“అయితే వచ్చే వారం దాకా ఏమీ మార్చకు” అన్నాడు.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక వంటింట్లో వాడికి అన్నం వడ్డిస్తూ, “మా నవలల్లో అయితే ఆ పొడుగబ్బాయి దొంగని ఏ రాక్షసుడికో ఫలహారం పెట్టేసేవాళ్ళంరా” అన్నాను.

వాడు నవ్వాడు. “పాత్ర చచ్చిపోతే ఇంకో పాత్ర రాసుకొస్తాడు పెద్దమ్మా. వచ్చేది మళ్ళీ వాడేగా? బల్ల బయటి గొడవకి కథలో శిక్ష వేస్తే గొడవ అలాగే వుంటుంది, కథ పాడవుతుంది.”

పదిహేడేళ్ళవాడు ఇంత మాట అన్నాక నేనేం తక్కువ తిన్నానా? మన నాటకాల సంగతి చెప్పాను. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడితే ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగుతారు. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు. అదే కిరీటం, అదే పింఛం. ఏ కృష్ణుడు గొప్పని జనం తెల్లవార్లూ వాదించుకోవచ్చు గాని, ఎవరి సీను వాళ్ళకి భద్రంగా వుంటుంది.

వాడు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. “బావుంది. కాని మా బల్ల దగ్గర అందరూ ఒకేసారి స్టేజి మీద వుంటారు పెద్దమ్మా. లోపలికి వెళ్ళడానికి తెర లేదు” అన్నాడు.

ఇలాంటి ఆటలు తయారుచేసేవాళ్ళంతా ఈ చిక్కు ఎరిగినవాళ్ళేనని వాడి మాటల వల్ల తెలిసింది. విన్సెంట్ బేకర్ 2010లో తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే ఆటలో ఒక్కో వృత్తికి ఒక్కో పత్రం వుంటుంది. ఒకరు తీసుకున్నది ఇంకొకరు తీసుకోకూడదు. తగాదా లేని మాట నిజమే గాని, ఇది ఆర్టీసీ బస్సు కిటికీలోంచి జేబురుమాలు వేసినట్టుగా వుంది. చెయ్యి పొడుగున్నవాడికే సీటు. 1987లో వచ్చిన ‘ఆర్స్ మాజికా’ది ఇంకో దారి. అందులో ఒక్కొక్కరికీ ఒకటి కంటే ఎక్కువ పాత్రలుంటాయి. కాపలావాళ్ళ పాత్రలు అందరికీ వుమ్మడి. ఈ వారం నా మాంత్రికుడు సాహసానికి బయలుదేరితే మీ మాంత్రికుడు ఇంట్లో చదువుకుంటాడు, మీరు కాపలావాడిగా నా వెంట వస్తారు. వచ్చే వారం మీరు మాంత్రికుడు, నేను కాపలా. మన వుమ్మడి కుటుంబాలకి ఈ ఆట ముందే తెలిసి వుంటే ఎన్ని ఇళ్ళు నిలబడేవో!

నాలుగో శుక్రవారం మావాడు అరగంట సేపు పాచికలు ముట్టుకోనివ్వలేదు. కొత్త కథ మొదలుపెట్టే ముందు ఎవరికేం కావాలో మాట్లాడుకోవడానికి కూర్చునే కూర్పుని వీళ్ళు ‘సెషన్ జీరో’ అంటారు. వీళ్ళు దాన్ని మూడు వారాలు ఆలస్యంగా పెట్టుకున్నారన్నమాట. తాళాలు ఎవరు తియ్యాలి అని వాడు అడగలేదు. అడిగితే అది పంపకం అయిపోయేది. “మీ పాత్ర ఏం చేస్తే ఆ రోజు మీకు తృప్తిగా వుంటుంది?” అని ఒక్కొక్కరినీ అడిగాడు.

“అందరూ ఇరుక్కుపోయి, ఇక అయిపోయిందనుకున్నప్పుడు నేను తలుపు తెరవాలి” అన్నాడు పొడుగబ్బాయి.

“ఎవరికీ అనుమానం రాకుండా ఒక ఇంట్లో దూరి, వాళ్ళు దాచుకున్నదేమిటో తెలుసుకోవాలి” అంది కళ్ళజోడు పిల్ల.

చూశారా? కాయితం మీద ఇద్దరి అంకెలూ దాదాపు ఒకటే. ఒకరికి తలుపు తియ్యడం కావాలి. ఇంకొకరికి తలుపు అవతల వున్నది కావాలి. ఒకే వృత్తి కదా అని వాళ్ళని పోటీదారుల్ని చేసింది మనమే. ఆ ఆటలో మూడో మెట్టుకి చేరేసరికి దొంగ తను ఏ రకం దొంగో తేల్చుకోవాలి. పొడుగబ్బాయి చేతివాటం దారి పట్టాడు. ఆ పిల్ల పట్టిన దారికి పుస్తకంలో హంతకుడని పేరు, కాని మారువేషాల విద్య అబ్బేది అందులోనే. “మా అమ్మకి ఈ పేరు చెప్పకండి ఆంటీ” అంది నాతో.

“నీకు ఆడాలని లేదేమో అనుకున్నాను. చెప్పచ్చుగా?” అన్నాడు పొడుగబ్బాయి, నిజంగానే నొచ్చుకుని.

“చెప్పేలోపల నువ్వు పాచిక వేసేస్తావుగా!”

అందరూ నవ్వారు. ముందు నవ్వింది పొడుగబ్బాయే. వాడి మీద నాకున్న కోపం అక్కడితో సరి. చనువుతో దూసుకుపోయేవాళ్ళకి ఎదుటివాళ్ళ మౌనం అంగీకారంలా వినిపిస్తుంది. అది దుర్మార్గం కాదు. ఎవరూ చెప్పకపోతే మాత్రం జీవితాంతం అలాగే వినిపిస్తుంది.

తర్వాత వాళ్ళు చిన్న చిన్న ఏర్పాట్లు చేసుకున్నారు. యుద్ధం లేనప్పుడు కూడా సూత్రధారి ఒక్కొక్కరినీ పేరు పెట్టి, “నీ పాత్ర ఇప్పుడేం చేస్తోంది?” అని అడుగుతాడు. గట్టిగా అరిచేవాళ్ళని కాదు, అప్పటిదాకా మాట్లాడనివాళ్ళని ముందు. ఇద్దరికీ చేతనయిన పని వస్తే ఒకరు చేస్తారు, రెండోవారు సాయం పడతారు. సాయం వుంటే ఒక పాచికకి బదులు రెండు వేసి, పెద్ద అంకె తీసుకోవచ్చని వాళ్ళ పుస్తకంలో నియమం వుండనే వుంది. అంటే ఇద్దరు దొంగలుండటం నష్టం కాదు, అదృష్టం. వాళ్ళు మాట్లాడుకుంటేనే సుమండీ.

మరి గాయాలో? క్లెరిక్ లేడు కదా! ఆ ఆటలో గాయాలు మాన్పే మందు సీసాల్లో దొరుకుతుంది. సీసా యాభై బంగారు నాణేలు. ఆ వారం కథలో వీళ్ళు ఒక వర్తకుణ్ణి కాపాడితే, అతని చేత అందరికీ తలా రెండు సీసాలు ఇప్పించాడు మావాడు. “ఎవరి మందు వాళ్ళు మోసుకోండి, ఎవరి మందు వాళ్ళు తాగండి” అన్నాడు.

వాడు మామూలుగా అన్న ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంట్లో సేవ చేసేవాళ్ళు లేరంటే, ఎవర్ని ఆ పనికి పెట్టాలా అనే మనం ఆలోచిస్తాం. ఎవరు మెత్తగా వున్నారా అని వెతుకుతాం. తలా ఒక సీసా చేతికిచ్చి మోసుకోమనవచ్చునని తోచదు. నలుగురికీ తమ మందు తాము తాగడం వస్తే, అయిదో మనిషి దొంగగానే వుండవచ్చు. పాటగత్తెగా వుండవచ్చు. ఆమెకి ఏది కావాలంటే అది.

దీనితో అంతా చక్కబడిపోయిందని చెప్తే కథ అవుతుంది గాని నిజం కాదు. పొడుగబ్బాయి చెయ్యి ఇప్పటికీ ముందు పాచిక మీదికే పోతుంది. కళ్ళజోడు పిల్ల తన వంతు వచ్చినా, “ఏమీ చెయ్యనులే” అని జారిపోయిన సందర్భాలున్నాయి. చోటు ఇవ్వడం బల్ల చుట్టూ వున్నవాళ్ళు నేర్చుకోవాలి, ఇచ్చిన చోట కూర్చోవడం ఆ పిల్లే నేర్చుకోవాలి. రెండూ ఒక్క వారంలో వచ్చే విద్యలు కావు.

అయిదో శుక్రవారం కథలో వీళ్ళు అర్ధరాత్రి ఒక ప్రభువు భవనం ముందు నిలబడ్డారు. తలుపుకి పెద్ద తాళం. పొడుగబ్బాయి పాచిక అందుకుని, ఆగి, పక్కకి చూశాడు.

“నేను తలుపు కొడతాను” అంది కళ్ళజోడు పిల్ల.

“దొంగతనానికొచ్చి తలుపు కొట్టడమేమిటి?”

“ఈ వేళప్పుడు ఇలాంటి ఇళ్ళల్లో వంటమనిషి ఒక్కతే మేలుకుని వుంటుంది. రేపటి రొట్టెలకి పిండి తడుపుతూ వుంటుంది. పక్కింటి పనిపిల్లని, నిప్పు కావాలని వచ్చానంటాను. తలుపు తనే తీస్తుంది.”

ఎవరూ మాట్లాడలేదు. ఆ రెండు పేజీలు అప్పటికి మావాడూ చదివాడు కాబట్టి, వాడొక్కడే చిన్నగా నవ్వాడు. పాచిక దొర్లింది. పద్దెనిమిది. తలుపు తెరుచుకుంది. మేడ మీద ఇనప్పెట్టె ఎదురయ్యేసరికి ఆ పిల్లే పొడుగబ్బాయి వైపు తిరిగి, “ఇది నీది” అంది.

అందరూ వెళ్ళాక మా చెల్లెలు బల్ల తుడుస్తూ, “ఇంతకీ ఎవరు గెలిచార్రా?” అని అడిగింది.

“ఇందులో గెలవడాలుండవమ్మా. వచ్చే శుక్రవారం అందరూ మళ్ళీ వస్తే గెలిచినట్టు” అన్నాడు మావాడు.

ఆ మరుసటి శుక్రవారం గుమ్మం దగ్గర విడిచిన బూట్లు నేనే లెక్కపెట్టాను. అయిదు జతలున్నాయి.